లెక్కల పోటీ ఎవరు పెట్టిన్రు, ఎవరి కోసం పెట్టిన్రు

పోస్టు కొంచెం పెద్దగా అయింది, రాత్రి మెస్ అయినంక తీరికగా చదవండి.

చార్మినార్ నుంచి ఫలక్‌నుమా పోయే రోడ్డు మీద శాలిబండ వస్తది. షా అలీ బండ అనే పేరు జనం నోట్లో నలిగి నలిగి శాలిబండ అయింది. రోడ్డు పక్కనే రాయ్ రాయన్ దేవిడి గడియారం స్తంభం కనపడతది. ఆ దగ్గర్లోని బస్తీ పిల్లలతో కొన్ని నెలల నుంచి ప్రతి ఆదివారం పొద్దున మేము లెక్కల పోటీ పెడుతున్నం. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు వస్తరు. పెట్టేటోళ్లం మేమే, హాస్టల్ పోరగాళ్లం. గోండు, కోయ, లంబాడీ, అన్ని రకాల వాళ్లం ఉన్నం. మాలో ఎవరి ఇంట్లో కూడా మాకన్నా ముందు కాలేజీ మెట్లు ఎక్కినోళ్లు లేరు.

ఈ మధ్య గ్రూపులో ఒక అన్న అడిగిండు, "మన గూడేల పిల్లలను వదిలిపెట్టి పాత బస్తీల ఏం చేస్తున్నరు? అసలు ఈ పోటీలు కార్పొరేట్ కోచింగోళ్ల ఆట కదా?" అని. ప్రశ్న సరైనదే. దానికి రెండు లైన్లల్లో జవాబు చెప్పలేం, అందుకే ఈ చరిత్ర రాస్తున్నం.

ముందు మా తప్పు చెప్పుకుంటం. మొదటి ఆదివారం మేము పెట్టిన పోటీ మేము చూసిన పోటీల లెక్కనే ఉండె. ముప్పై ప్రశ్నలు, ముప్పావు గంట, తప్పుకు మార్కు కోత, ఫస్ట్ సెకండ్ థర్డ్. ఇరవై మందికి పైగా పిల్లలు వచ్చిన్రు. ట్యూషన్‌కు పోయే ముగ్గురు గెలిచిన్రు. తర్వాత ఆదివారం ఏడుగురే వచ్చిన్రు. ఏడో తరగతి పాప ఒకామె మొహం మీదనే అన్నది, "భయ్యా, ఇది కూడా పరీక్షే కదా, పరీక్ష బడిలో ఉంది కదా" అని. మాకు నోట మాట రాలేదు. లెక్కలంటే భయం పోగొట్టాలని పోయి, మేమే ఇంకో భయం పెట్టి వచ్చినం. అప్పుడు కూర్చొని వెతకడం మొదలుపెట్టినం, ఈ పోటీలు అసలు ఎక్కడ పుట్టినయి, ఎవరు నడిపిన్రు అని.

బడి పిల్లలకు పద్ధతి ప్రకారం లెక్కల పోటీ మొదలైంది హంగరీలో, 1894లో. లోరాండ్ ఎయోట్వోష్ అనే శాస్త్రవేత్త ఆ దేశానికి విద్యా మంత్రి అయితే, ఆ సందర్భంగా అక్కడి గణిత, భౌతికశాస్త్ర సంఘం బడి చదువు పూర్తయిన పిల్లలకు పోటీ పెట్టింది. మూడే ప్రశ్నలు. గంటలకొద్దీ టైము. పుస్తకాలు కూడా దగ్గర పెట్టుకోవచ్చు! ఇది చదివినప్పుడు మా ముప్పై ప్రశ్నల కాగితం గుర్తొచ్చి సిగ్గేసింది. అదే ఏడాది గ్యోర్ అనే ఊరిలో దానియెల్ అరాన్యి అనే బడి పంతులు పిల్లల కోసం ఒక గణిత పత్రిక మొదలుపెట్టిండు. నెలనెలా లెక్కలు అచ్చువేసుడు, పిల్లలు ఇంటి నుంచి జవాబులు రాసి పంపుడు. ఆ పత్రిక ఇప్పటికీ నడుస్తున్నది. ఆ దేశం నుంచి అంతమంది గణిత మేధావులు ఎట్లా వచ్చిన్రు అని అడిగితే చాలామంది ఈ రెండింటినే చూపిస్తరు.

కానీ హంగరీ పోటీ పెద్దలు పెట్టింది. మమ్మల్ని పట్టుకున్నది మాస్కో కథ.

సోవియట్ దేశంలో 1934లో లెనిన్‌గ్రాడ్‌లో, 1935లో మాస్కోలో గణిత ఒలింపియాడ్లు మొదలైనయి. వాటితోపాటు యూనివర్సిటీలో బడి పిల్లలకు గణిత బృందాలు నడిచేవి. మొదట్లో ఏమయ్యేదంటే, ఒక పెద్దాయన వచ్చి ఉపన్యాసం చెప్పేటోడు, లేదంటే పిల్లలతోనే ఏదో అంశం మీద ప్రసంగం చెప్పించేటోళ్లు. వినే పిల్లలకు సగం అర్థమయ్యేది కాదు. అప్పుడు దావిద్ ష్క్‌ల్యార్‌స్కీ అనే స్టూడెంట్ తన బృందంలో పద్ధతి మార్చిండు. తను కొంచెమే చెప్పేటోడు. తర్వాత లెక్కలు ఇచ్చేటోడు. సాధించిన పిల్లలే లేచి మిగతావాళ్లకు చెప్పాలి. అంతే. చూడటానికి చిన్న మార్పు. 1938 ఒలింపియాడ్‌లో ఇచ్చిన 24 బహుమతుల్లో 12 ఆయన బృందం పిల్లలకే వచ్చినయి, నాలుగు మొదటి బహుమతులతో సహా. దాంతో మిగతా బృందాలన్నీ ఆయన దారే పట్టినయి.

ఆయన పుట్టింది 1918లో. అంటే అప్పటికి ఇరవై ఏళ్లు, మా వయసే. 1942లో నాజీలతో కొట్లాడుతూ గెరిల్లా దళంలో చనిపోయిండు. ఆయన బృందాల నుంచి వచ్చిన లెక్కలను తోటివాళ్లు పుస్తకంగా వేస్తే అది దేశదేశాలు తిరిగింది. అప్పట్లో సోవియట్ లెక్కల పుస్తకాలు మన దగ్గర విశాలాంధ్ర దుకాణాల్లో అగ్గువకు దొరికేవట. ఇప్పుడైతే అబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీద వెతకాలె, దొరికితే అదృష్టం.

అయితే ఆ దేశాన్ని ఊరికే పొగడటానికి లేదు. అదే మాస్కో యూనివర్సిటీ గణిత విభాగం 1970లకు వచ్చేసరికి యూదుల పిల్లలను లోపలికి రానీయకుండా నోటి పరీక్షలో కావాలనే సాధ్యం కాని లెక్కలు ఇచ్చేది. పోటీల్లో గెలిచిన పిల్లలను కూడా గేటు దగ్గరే ఆపేటోళ్లు. అప్పుడు బెల్లా సుబ్బోతోవ్‌స్కాయా అనే ఆమె 1978 నుంచి తన ఇంట్లో, తర్వాత దొరికిన గదుల్లో, ఆ పిల్లలకు యూనివర్సిటీ స్థాయి గణితం చెప్పించింది. 1982లో రాత్రిపూట ఒక బండి గుద్ది చనిపోయింది. ఇది ఎందుకు చెప్తున్నం అంటే, పోటీ ఒక్కటే తలుపులు తెరవదు. తలుపు దగ్గర ఎవరు నిలబడ్డరు అనేది కూడా చూడాలె. ఇది మన పిల్లలకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు.

ఇప్పుడు అసలు కథకు వస్తం. అమెరికాలో మిసిసిపీ రాష్ట్రం. 1960ల మొదట్లో అక్కడ ఓటు వయసు ఉన్న నల్లజాతి జనంలో ఓటరు జాబితాలో పేరున్నవాళ్లు నూటికి ఏడుగురు కూడా లేరు. పేరు నమోదు చేసుకోవాలంటే రాష్ట్ర రాజ్యాంగంలోంచి ఒక భాగం చూసి రాసి, దాని అర్థం చెప్పాలె. చెప్పింది సరైనదా కాదా అని తేల్చేది తెల్లజాతి గుమస్తా. ఎంత చదువుకున్నోడినైనా ఫెయిల్ చేయొచ్చు. పత్తి చేలల్లో పాలుకు చేసేటోళ్ల లెక్కలు కూడా దొర పుస్తకంలోనే ఉంటయి. ఏడాది చివర లెక్క తేలిస్తే, పండించినోడే బాకీ పడతడు. చదువుతుంటే మాకు మన ఏజెన్సీ షావుకారు గుర్తొచ్చిండు. నాగుకు గింజలు తెచ్చుకొని పంట వచ్చినంక రెట్టింపు కొలిచిన మన తాతలు గుర్తొచ్చిన్రు.

అక్కడికి 1961లో రాబర్ట్ మోజెస్ అనే యువకుడు పోయిండు. అందరూ బాబ్ మోజెస్ అంటరు. 1935లో న్యూయార్క్ హార్లెమ్‌లో పుట్టిండు, లెక్కల టీచరు. ఊరూరా తిరిగి జనాన్ని ఓటు నమోదుకు తీసుకుపోయేటోడు. దెబ్బలు తిన్నడు, జైలుకు పోయిండు. ఆయనతో పనిచేసిన హెర్బర్ట్ లీ అనే రైతును 1961 సెప్టెంబరులో పట్టపగలు కాల్చి చంపిన్రు. తర్వాత మోజెస్ ఆఫ్రికా పోయి టాంజానియాలో కొన్నేళ్లు లెక్కలు చెప్పిండు. తిరిగొచ్చినంక 1982లో ఆయన పెద్ద బిడ్డ ఎనిమిదో తరగతిలో ఉన్నది. ఆ బడిలో ఆ తరగతికి బీజగణితం చెప్పట్లేదు. అదే ఏడాది ఆయనకు ఒక పెద్ద ఫెలోషిప్ డబ్బు వచ్చింది. ఇంకొకరైతే ఆ డబ్బుతో బిడ్డను మంచి ప్రైవేటు బడికి మార్చేటోళ్లు. ఈయన బిడ్డ క్లాసులోకే పోయి ఆమెకూ, ఆమెతోపాటు ఇంకొందరికీ బీజగణితం చెప్పుడు మొదలుపెట్టిండు. అట్లా పుట్టిందే ఆల్జీబ్రా ప్రాజెక్ట్.

ఆయన వాదం ఏందంటే, ఒకప్పుడు ఓటు లేనివాడు ఎట్లా లెక్కలో లేనోడో, కంప్యూటర్ల కాలంలో బీజగణితం రానివాడు అట్లనే బయట నిలబడతడు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లోనే అది తేలిపోతది. అందుకే ఇది పౌర హక్కుల పని అన్నడు. ఈ సంగతులన్నీ 2001లో ఒక పుస్తకంగా కూడా రాసిండు.

చెప్పే పద్ధతి కూడా వినండి. పిల్లలను మెట్రో రైలు ఎక్కించేటోడు. దిగినంక ప్రయాణం బొమ్మ గీయాలె. తర్వాత ఇంట్లో మాట్లాడే మాటల్లోనే చెప్పాలె. తర్వాత అందులో ముఖ్యమైనవి ఏరుకోవాలె: ఎక్కడ మొదలైనం, ఎటు దిక్కు పోయినం, ఎన్ని స్టేషన్లు. చివరికి గుర్తులు పెట్టాలె. అట్లా రుణ సంఖ్యలు వస్తయి. మేము దీన్ని శాలిబండకు తెచ్చినం. శాలిబండ సున్నా. చార్మినార్, మదీనా, అఫ్జల్‌గంజ్ దిక్కు ధనం. అలియాబాద్, శంషీర్‌గంజ్, ఫలక్‌నుమా దిక్కు రుణం. "మైనస్ మూడులో ఉన్నోడు ప్లస్ రెండుకు పోవాలంటే ఎన్ని స్టాపులు?" అంటే, బడిలో రుణ సంఖ్య అంటేనే తల పట్టుకునే పిల్లగాడు "అయిదు భయ్యా, గింత దానికి ఇంత లొల్లా" అన్నడు.

ఇంట్లో మాటల్లో చెప్పుడు అనే మెట్టు దగ్గర ఇంకో ముచ్చట జరిగింది. మా లంబాడీ తమ్ముడు తండా భాషలో "ఏక్, ది, తీన్, చార్" అని లెక్కబెడితే ఉర్దూ మాట్లాడే పిల్లలు "అరే, మా లెక్కనే ఉందే" అని నవ్విన్రు. మా గోండు మిత్రుడు "ఉండి, రండ్, మూండ్, నాలుంగ్" అంటే తెలుగు మాట్లాడే పిల్లలు మూడు, నాలుగు దగ్గర చెవులు నిక్కబొడుచుకున్నరు. ఆ రోజు పోటీ సగంలోనే ఆగిపోయింది, అయినా బాధ లేదు.

మళ్లీ మిసిసిపీకి. మోజెస్ దగ్గర బడిలో చదువుకొని పెద్దయిన పిల్లలే 1996లో జాక్సన్ నగరంలో యంగ్ పీపుల్స్ ప్రాజెక్ట్ అని పెట్టుకున్నరు. కాలేజీ పిల్లలు హైస్కూలు పిల్లలకు నేర్పుతరు, హైస్కూలు పిల్లలు వాళ్లకన్నా చిన్నోళ్లకు నేర్పుతరు. ఆ పనికి కూలి కూడా ఇస్తరు, ఊరికే సేవ చెయ్యమనరు. వాళ్లు నడిపే పోటీ పేరు ఫ్లాగ్‌వే. తయారుచేసింది మోజెస్. ఇది కూర్చొని రాసే పోటీ కాదు, జట్లుగా ఉరికే ఆట. నేల మీద నడుమ నుంచి మూడు రంగుల దారులు, కొమ్మలు కొమ్మలుగా చీలుతూ పోతయి. ఆటగాడికి ఒక సంఖ్య ఇస్తరు. దాన్ని ప్రధాన కారణాంకాలుగా విడగొట్టాలె. ఏదైనా ప్రధాన సంఖ్య రెండోసారి వస్తే ఒక దారి: 12 అంటే 2×2×3, రెండు మళ్లీ వచ్చింది. మళ్లీ రాకుండా సరి సంఖ్యలో వస్తే రెండో దారి: 10 అంటే 2×5. మళ్లీ రాకుండా బేసి సంఖ్యలో వస్తే మూడో దారి: 30 అంటే 2×3×5, లేదా ఒంటరి 7. ఏ దారో తేల్చుకొని ఉరికి జెండా పాతాలె. దీని వెనక ఉన్నది మోబియస్ ప్రమేయం, 1832లో జర్మనీ గణితవేత్త మోబియస్ చెప్పింది. యూనివర్సిటీలో సంఖ్యా సిద్ధాంతం చదివేటోళ్లకు వచ్చే పాఠం. అమెరికాలో పేద బస్తీల పిల్లలు దాని మీద జట్లు కట్టి, వేరే ఊర్ల జట్లతో టోర్నమెంట్లు ఆడుతున్నరు. మోజెస్ 2021 జూలైలో పోయిండు. ఆట నడుస్తున్నది.

ఇక మన హైదరాబాద్ సంగతి. శాలిబండ దాటి ఫలక్‌నుమా దిక్కు పోతే జహానుమా అనే బస్తీ ఉన్నది. అక్కడ మహల్ కట్టుకున్న పైగా వంశం నవాబుల్లో ఫక్రుద్దీన్ ఖాన్ ఒకాయన, షంసుల్ ఉమ్రా అని బిరుదు, 1863లో చనిపోయిండు. ఈయనకు లెక్కలంటే పిచ్చి. 1830లలో, తర్వాత కూడా, సొంత రాతి అచ్చుయంత్రం పెట్టించి, ఇంగ్లిషు శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి మార్పించి అచ్చువేసిండు. మదర్సా పెట్టి అవే పాఠాలు చెప్పించిండు. తర్వాత 1917లో అనువాద శాఖ, 1918లో ఉస్మానియా వచ్చినయి. కలనగణితం కూడా ఉర్దూలో చెప్పిన్రు. నవాబుల గొప్ప చెప్పడం మా ఉద్దేశం కాదు, వాళ్ల పాలనలో అడవిలో ఏం జరిగిందో జోడేఘాట్ చెప్తది. కానీ పాత బస్తీ అంటే చదువు లేని చోటు అనుకునేటోళ్లకు ఈ ముచ్చట తెలియాలె.

1940లో కుమ్రం భీం అమరుడైనంక అదే నిజాం సర్కారు హైమెన్‌డార్ఫ్‌ను గోండుల సంగతి చూసి రమ్మని పంపింది. ఆయన సలహాతో 1943లో మార్లవాయిలో గోండు టీచర్ల శిక్షణ కేంద్రం పెట్టిన్రు, గోండీలోనే వాచకాలు తెచ్చిన్రు. ఒక్క సంగతి గమనించండి. నగరంలో పిల్లగాడికి సొంత భాషలో గణితం దొరికిన దానికీ, గోండు పిల్లగాడికి సొంత భాషలో అక్షరం దొరికిన దానికీ మధ్య నూరేళ్లకు పైగా తేడా ఉన్నది. మధ్యలో భీం రక్తం ఉన్నది. తర్వాత ఏజెన్సీ బడుల్లో మన టీచర్లే ఉండాలని 2000లో జీవో 3 వస్తే, 2020 ఏప్రిల్‌లో సుప్రీం కోర్టు కొట్టేసింది. మన భాషలో లెక్క చెప్పేటోళ్లు ఎవరు అనే ప్రశ్న మళ్లీ మొదటికి వచ్చింది.

పోటీల సంగతి చూస్తే, మన దేశం అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌కు 1989 నుంచి జట్టును పంపుతున్నది. 1996లో ముంబైలో ఆ పోటీ జరిగింది కూడా. తెలుగు బడి పిల్లలకు దగ్గరగా వచ్చింది మాత్రం జన విజ్ఞాన వేదిక వాళ్ల చెకుముకి పోటీలే. అందులో బడి తరఫున జట్టుగా పోవుడు మాకు నచ్చిన సంగతి. 2010 ఆగస్టులో ప్రపంచ గణిత మహాసభ మన హైదరాబాద్‌లోనే జరిగింది. ఆ రోజు ఫీల్డ్స్ మెడల్ అందుకున్న నలుగురిలో ముగ్గురు, వియత్నాం నుంచి ఎంగో బావో చావ్, రష్యా నుంచి స్మిర్నోవ్, ఇజ్రాయెల్ నుంచి లిండెన్‌స్ట్రౌస్, చిన్నప్పుడు ఒలింపియాడ్ ఆడినోళ్లే. మేమప్పుడు అంగన్‌వాడీలో గుడ్డు కోసం లైన్లో ఉన్నం. ఆ సభ జరిగిన సంగతి కూడా మాకు కాలేజీకి వచ్చినంకనే తెలిసింది.

అన్న అడిగిన దానికి ఇప్పుడు జవాబు. కోచింగోళ్ల పోటీ పిల్లలను జల్లెడ పడతది. పైన మిగిలినోళ్లను ఫ్లెక్సీ మీద వేస్తది, కింద పడ్డోళ్ల ఫీజు కూడా తీసుకుంటది. ష్క్‌ల్యార్‌స్కీ పోటీ, ఫ్లాగ్‌వే పోటీ పిల్లలను పక్కపక్కన కూర్చోబెడతది. రెండింటినీ పోటీ అనే అంటున్నం, అదే తికమక. ఇంకొకటి, శాలిబండలో చేస్తున్నది ఎందుకంటే మా హాస్టల్ ఇక్కడ ఉన్నది. నేర్చుకునుడు ఇక్కడ, సెలవుల్లో చేసుడు ఊర్లల్లో. దసరాకు ఇంటికి పోయినప్పుడు ఎవరి గూడెంలో వాళ్లం ఒక్కసారైనా ఆడించాలని అనుకున్నం. సుద్దముక్క, చదునైన జాగా ఉంటే చాలు.

ఇప్పుడు మా ఆదివారం ఎట్లుందంటే, మూడు లేదా నాలుగు లెక్కలే. నలుగురు నలుగురు జట్టు, ప్రతి జట్టులో మూడు తరగతులోళ్లూ ఉండాలె. జవాబుకు సగం మార్కులే. మిగతా సగం, జట్టులో మేము పేరు పిలిచిన పిల్లగాడు లేచి వివరిస్తేనే. దీంతో తెలిసినోడు తెలియనోడికి చెప్పక తప్పదు. గడియారం స్తంభం లెక్క: ఇప్పుడు తొమ్మిది కొడితే వంద గంటల తర్వాత ముల్లు ఎక్కడ ఉంటది? ఒక జట్టు వేళ్ల మీద లెక్కబెడుతూ పోయింది. ఇంకో జట్టు పన్నెండ్లు తీసేసి, మిగిలిన నాలుగు గంటలు కలిపి, ఒంటి గంట అన్నది.

అందరికన్నా లొల్లి అయిన లెక్క వడ్డీ లెక్క. పదివేలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చినం అనుకో. నెలకు మూడు వందలు, ఏడాదికి మూడు వేల ఆరు వందలు. బ్యాంకు భాషలో అది ఏటా 36 శాతం. వడ్డీ కట్టకుండా ప్రతి నెలా అసలులో కలుపుకుంటూ పోతే ఏడాదికి పదివేలు 14,258 అయితది. రెండేళ్లు నిండేసరికి రెట్టింపు దాటుతది. పిల్లలు కూర్చొని నెలనెలా గుణించి ఈ సంగతి తేల్చిన్రు. ఒకడు చెప్పిండు, వాళ్ల అమ్మ గాజుల పనికి తెచ్చిన అప్పు సరిగ్గా ఈ రేటేనట. తర్వాత వారం వాళ్ల అమ్మ వచ్చి గుమ్మంలో నిలబడి, "బేటా, ఆ కాగితం ఒకసారి నాకు కూడా చెప్పు" అన్నది. మేము చెప్పలేదు. ఆమె కొడుకే చెప్పిండు.

మొదటి వారం మమ్మల్ని నిలదీసిన ఏడో తరగతి పాప మళ్లీ వస్తున్నది. పోయిన ఆదివారం ఫ్లాగ్‌వే కోసం సుద్దముక్కతో నేల మీద దారులు గీస్తుంటే పక్కన నిలబడి అడిగింది, "భయ్యా, 1 ఏ దారిలో ఉరకాలె? దాంట్ల ప్రధాన సంఖ్యలే లేవు కదా" అని. మాలో ఇద్దరు మూడో దారి అన్నరు, ఒకడు అసలు దారే లేదన్నడు. ఆ పాప కాసేపు ఆలోచించి, "లేవు అంటే సున్నా. సున్నా సరి సంఖ్యే కదా" అని రెండో దారిలో ఉరికి జెండా పాతింది. మేము రూముకొచ్చి చూసుకున్నం. పుస్తకంలో కూడా అట్లనే ఉన్నది.